దొర వాకిట కూర్చున్న లసరీన

మా అమ్మ లసరీన పొట్టి మనిషి. వెన్న చిలికే పీపా పక్కన నిలబడితే రెండింట్లో ఏది ఎత్తో చెప్పడం కష్టమని మా నాన్న ఏడిపించేవాడు. “పీపాకి నోరు లేదు, అదొక్కటే తేడా,” అనేవాడు. అమ్మ ఆ నోటితోనే జవాబు చెప్పేది. ఇల్లంతా నవ్వులతో నిండిపోయేది.

నాన్న పేరు కోనల్. తరిమెన మీద చెక్కను గిర్రున తిప్పి, చెక్కి గిన్నెలు, పాలచెంబులు చేసేవాడు. గాలిగుట్ట కింద, ఓ తార్విన్ వంశం వాళ్ళ నేల మీద మా ఇల్లు. మేము ఆ వంశం వాళ్ళం కాదు, వాళ్ళ నీడన బతికేవాళ్ళం. అలాగని అమ్మ ఎవరి ముందూ తల దించింది లేదు. ఆమె పుట్టిల్లు నల్లసరస్సు అవతల. తన తండ్రి నుంచి మొదలుపెట్టి పైకి తాత, ముత్తాత, వాళ్ళ తాత అంటూ ఊపిరి తిప్పుకోకుండా పేర్లు చెప్పేది. మా దేశంలో గొర్రెలు కాసేవాడైనా అలా చెప్పగలగాలి. చెప్పలేనివాడికి పిల్లనిచ్చేవాళ్ళుండరు.

నాకు రెండేళ్ళప్పుడు అమ్మకు మగపిల్లాడు పుట్టి వారం తిరక్కుండానే పోయాడు. ఆ వారంలోనే మా పక్క లోయలో ఎతీన్ అనే నేతగాడి కూతురు ప్రసవమై, జ్వరం తగిలి చావుబతుకుల్లో ఉంది. తోడుగా ఉండమని అమ్మకు కబురు పెట్టారు. మఠం గురువూ ఇరుగుపొరుగూ మంచం చుట్టూ నిలబడి ఉండగా ఎతీన్ బిడ్డ తండ్రి పేరు చెప్పింది. “డోనఖ్. తైగ్ దొర పెద్దకొడుకు డోనఖ్.” తైగ్ దొరంటే ఓ తార్విన్ వంశానికి నాయకుడు.

మా వైపు కట్టుబాటు అదే. తల్లి నలుగురిలో పేరు చెప్పాలి, ఆ పేరుగలవాడు వచ్చి బిడ్డను ఎత్తుకోవాలి. అంతే, ఇక ఆ బిడ్డ ఆ వంశం వాడే. పెళ్ళి చర్చిలో జరిగిందా, అసలు జరిగిందా అని ఎవరూ తవ్వరు.

డోనఖ్ మర్నాడే గుర్రమెక్కి వచ్చాడు. అప్పటికే ఎతీన్ కన్ను మూసింది. అతను బిడ్డను తన కంబళిలోనే చుట్టి చాలాసేపు అలాగే నిలబడ్డాడట. తర్వాత అమ్మ చేతిలో పెట్టాడు.

“నా కొడుకు. పేరు ఫియక్ర. నీ పాలు తాగించి పెంచు, లసరీనా.”

“పదిహేడు నిండేదాకా నా కొడుకు. ఆ తర్వాత మీ కొడుకు,” అంది అమ్మ.

మాలో పెద్దింటి పిల్లలు కన్నవాళ్ళ దగ్గర పెరగరు. పెంపుడింట్లోనే మాటలు, ఆటలు, దెబ్బలు అన్నీ. ఏ ఇంటి బిడ్డకు ఏం పెట్టాలో ధర్మశాస్త్రమే చెబుతుంది. దొరల పిల్లలకు ఓట్స్ జావలో తేనె. నాలాంటివాళ్ళకు మజ్జిగ, పాత ఉప్పువెన్న. ఒకే పొయ్యి, ఒకే కుండ, ఒకే గరిటె. వాడి గిన్నెలో తేనె తీగలా సాగుతూ పడేది. నేను గుడ్లప్పగించి చూసేదాన్ని.

“అమ్మా, నాకో చుక్క.”

“నువ్వు దొర కూతురివా?”

“వాడు ఏడిస్తే పోస్తావు, నాకెందుకు పోయవు?”

“ఏడిస్తే తేనె పోస్తారనుకున్నావా? వాడి తాత పేరుకి పోస్తున్నా. నీ తాత పేరుకి మజ్జిగే వస్తుంది, తాగు.”

అమ్మ అటు తిరగ్గానే వాడు నా గిన్నెలోకి సగం వొంపేవాడు. ఆ తేనె ఏటా ఆకు రాలే కాలంలో దొర కోట నుంచి వచ్చేది. పంపేది తైగ్ దొర భార్య సైవ్ దొరసాని, అంటే ఫియక్ర నాయనమ్మ. ఒక్కసారీ గడప దాటి మా ఇంటికి రాలేదు గానీ, తేనె మాత్రం ఒక్క ఏడూ తప్పలేదు.

శాస్త్రం చెప్పినట్టే అమ్మ వాడికి గుర్రపుస్వారీ, ఈత, చదరంగం నేర్పించింది. తనకు రానివి వచ్చినవాళ్ళ దగ్గరికి పంపి నేర్పించింది. శాస్త్రం చెప్పనివీ నేర్పింది. వేసవిలో ఆవుల్ని తోలుకుని గాలిగుట్ట మీది మేతకు పోతే, దొరబిడ్డ మాతోపాటే గుడిసెలో పడుకుని తెల్లారి పాలు పితికేవాడు. ఎవరైనా వేలెత్తి చూపితే, “ఆవుకు దొర చెయ్యేదో, దాసీ చెయ్యేదో తెలీదమ్మా. నొప్పెట్టకపోతే చాలు దానికి,” అనేది.

వాడికి మూడేళ్ళప్పుడు డోనఖ్ పక్కవంశం మీద పశువుల కోసం దాడికి పోయి అక్కడే ప్రాణం విడిచాడు. అతని వాటా నేలను తమ్ముడు లోహ్లన్ చూసుకోసాగాడు. పిల్లాడు ఎదిగేదాకా అన్నాడు. అప్పుడు ఆ మాటను ఎవరూ అనుమానించలేదు.

ఫియక్రకు పదిహేడు నిండిన వసంతంలోనే తైగ్ దొర పోయాడు. మాలో నాయకత్వం తండ్రి తర్వాత కొడుకుదని ఏం లేదు. ఒక ముత్తాత సంతానంలో మగవాళ్ళంతా ఆ పదవికి తగినవాళ్ళే, వాళ్ళలో గట్టివాణ్ణి ఎన్నుకుంటారు. ఎన్నికలో లోహ్లన్ నెగ్గాడు. నిజానికి అతను గట్టివాడే. మాటకారి, ధైర్యవంతుడు, పంక్తిలో అందరికంటే ఎక్కువ తినేవాడు. కాకపోతే అతనికి ముగ్గురు కొడుకులున్నారు. రేపు లోహ్లన్ తర్వాత ఎవరన్న మాట వస్తే, ఆ ముగ్గురి పక్కన అన్నకొడుకు ఫియక్ర పేరూ వస్తుంది. ఈ లెక్క అతని మనసులో ఎప్పుడు పడిందో గానీ, పట్టాభిషేకం నాడు బయటపడింది.

కొండ మీద వంశం వాళ్ళంతా చేరారు. లోహ్లన్ పాత రాయి మీద పాదం మోపి నిలబడ్డాడు. చేతికి తెల్లటి కర్ర ఇచ్చారు. వంశభట్టు తోర్నా ముందుకొచ్చి వంశావళి ఎత్తుకున్నాడు. కంచుగొంతు అతనిది. ఎవరు ఎవరి కొడుకో, ఎవరు ఏ గుట్ట దగ్గర పడ్డారో, ఎవరి కొమ్మ ఎక్కడిదాకా సాగిందో వరస తప్పకుండా పోతోంది. అమ్మా, నేనూ, ఫియక్రా వెనక వరసలో ఉన్నాం. వాడు కుంకుమపువ్వు రంగు కొత్త చొక్కా తొడుక్కున్నాడు. అమ్మ చలికాలమంతా కూర్చుని కుట్టిన చొక్కా అది.

“డోనఖ్, తైగ్ కొడుకు. నిస్సంతుగా పోయాడు,” అని తోర్నా తర్వాతి పేరుకు వెళ్ళిపోయాడు.

అమ్మ వేళ్ళు నా చేతి కండలోకి దిగబడ్డాయి.

తర్వాత విందు. మా విందుల్లో మాంసం ముక్క ఊరికే పడదు. తొడ ఎవరికి, నడుము ఎవరికి, తలకాయ ఎవరికి అని వంశంలో స్థానాన్ని బట్టి కోసి పెడతారు. ఫియక్ర వెళ్ళి తండ్రి కూర్చునే చోట కూర్చున్నాడు. వడ్డించేవాడు అటు వచ్చి, వాణ్ణి చూసి చూడనట్టు దాటిపోయాడు. లోహ్లన్ పెద్దకొడుకు పక్క నుంచి మాట అందుకున్నాడు. “తరిమెన వాళ్ళ అబ్బాయివి కదూ? గిన్నెలు తెచ్చినవాళ్ళకి వంటింటి వెనకాల పెడుతున్నారు, అటు పో.”

బల్లంతా నవ్వింది. ఫియక్ర లేచి బయటికి వచ్చేశాడు. వాడి మొహం చూసి నాకు భయమేసింది.

ఇంటికొచ్చాక వాడు గోడ మీది కత్తి తీశాడు.

“ఎక్కడికిరా?” అంది అమ్మ.

“నువ్వు అడ్డం రాకమ్మా. నా తండ్రి నాకు తండ్రి కాదంట. అది అన్న నోరు రేపు ఉండదు.”

“ఆ తర్వాత?”

“తర్వాతేముంది?”

“వాళ్ళు నిన్ను పొడుస్తారు. తోర్నా మళ్ళీ గొంతు సవరించుకుని, తరిమెన వాళ్ళ అబ్బాయొకడు పిచ్చెక్కి మీద పడ్డాడు, చచ్చాడు అని పాడతాడు. దానికోసమా పదిహేడేళ్ళు తేనె పోశాను?”

“మరేం చెయ్యమంటావు? నోరు మూసుకుని గిన్నెలు చేసుకోమంటావా?”

“గిన్నెలు చెయ్యడం నీ వల్ల కాదులే, రెండు విరగ్గొట్టావు నిరుడు,” అన్నాడు నాన్న. ఆ సమయంలో కూడా వాడికి నవ్వొచ్చింది.

“కత్తి అక్కడ పెట్టు. లోహ్లన్ దొర పేరున్న మనిషి. పేరున్న మనిషితో పోట్లాడ్డానికి నా దగ్గర కడుపుంది,” అంది అమ్మ.

మాకెవరికీ విప్పి చెప్పక్కర్లేకపోయింది. బలవంతుడి మీద బలహీనుడికి మా శాస్త్రం ఇచ్చిన దారి అదొక్కటే. అన్యాయం చేసినవాడి వాకిట తిండి మాని కూర్చోవాలి. కూర్చున్నంతసేపూ ఆ ఇంటి యజమాని కూడా ముద్ద ముట్టకూడదు. న్యాయానికి ఒప్పుకుని హామీ ఇచ్చేదాకా అంతే. పస్తున్న మనిషిని వాకిట పెట్టుకుని తిన్నవాడికి ఇక పరువుండదు. అతని మాటకు సాక్ష్యం విలువ పోతుంది, అతనికి జరిగిన అన్యాయానికి ఎవరూ పలకరు. అయితే ఇందులో రెండో అంచు కూడా ఉంది. యజమాని న్యాయమైన బేరం పెట్టాక కూడా మొండిగా కూర్చుంటే, కూర్చున్నవాళ్ళదే తప్పవుతుంది.

అమ్మ రోజు చూసుకుని మరీ వెళ్ళింది. లోహ్లన్ పెద్దకొడుక్కి సంబంధం మాట్లాడ్డానికి సరస్సు అవతలి వంశం దొర ఆ మర్నాడు పరివారంతో రాబోతున్నాడు. కోటలో పందులు కోసేశారు, సారాయి పీపాలు దించేశారు. అమ్మ ముక్కాలిపీట ఒకటీ, వడకడానికి ఉన్నీ కదురూ తీసుకుని పొద్దున్నే కోట వాకిట్లో దిగింది. నేను మంచినీళ్ళ చెంబుతో వెంట వెళ్ళాను. నాకు అప్పటికి కొత్తగా పెళ్ళయింది. మా ఆయన వద్దన్నాడు, నేను వినలేదు.

“లోహ్లన్ దొరా!” అని కేకేసింది అమ్మ. ఆ కేకలో వెన్న చిలికిన చేతుల బలముంది. “డోనఖ్ దొర కొడుకు ఫియక్ర తరఫున, వాణ్ణి పెంచిన తల్లిని, మీ వాకిట పస్తు కూర్చుంటున్నా. వాడి పేరు, వాడి నేల వాడికి ఇచ్చేదాకా లేవను.”

లోహ్లన్ చేతిలో రొట్టెముక్కతో బయటికి వచ్చాడు. అమ్మను చూశాడు. ముక్కను చూశాడు. పక్కనున్న కుక్కకు వేశాడు.

“ఏమ్మా లసరీనా, గిన్నెలు అమ్ముడుపోలేదా ఈ నెల?”

“అమ్ముడుపోయాయి దొరా. ఖాళీగా ఉన్నా, కాస్త మీ వాకిట్లో గాలి పీల్చుకుందామని.”

“ఎంతసేపు పీలుస్తావు? సాయంత్రానికి కళ్ళు తిరుగుతాయి. ఇంటికి పో.”

“నేను పిడికెడు మనిషిని, నాకు పిడికెడు చాలు. మీరు నిండుమనిషి. మీ కళ్ళే ముందు తిరుగుతాయేమో చూసుకోండి.”

పనివాళ్ళు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. లోహ్లన్ కూడా నవ్వి లోపలికి పోయాడు. ఆ పూట అతను నిజంగానే ధీమాగా ఉన్నాడు.

మధ్యాహ్నానికి ఆ ధీమా తగ్గింది. లోపల పంది కాలుతోంది. వాసన గోడలు దాటి వస్తోంది. అమ్మ ముక్కు ఎగబీల్చి, “ఉప్పు కాస్త తక్కువైనట్టుంది కదే మురిన్?” అంది నాతో, లోపలికి వినపడేలా. సాయంత్రం వాన పట్టుకుంది. కంబళి నెత్తిన కప్పుకుని ఆమె అలాగే కూర్చుంది.

“భయమేస్తోందా అమ్మా?” అన్నాను.

“ఆకలేస్తోంది. భయమెందుకు? నేను అబద్ధం చెప్పానా?” అంది. మళ్ళీ కాసేపటికి, “వాడు కత్తి జోలికి పోకుండా చూడమని మీ నాన్నకు చెప్పు. నాకున్న భయమల్లా అదే,” అంది.

మర్నాడు అవతలి దొర పరివారం వచ్చింది. ఆయన గుర్రం దిగుతూనే అమ్మను చూశాడు. సంగతి అర్థమైంది. లోపలికి వెళ్ళాక బల్ల నిండా వడ్డించారు. ఎవరి ముక్క వాళ్ళ ముందుంది. ఇంటి యజమాని ముట్టడు. యజమాని ముట్టకుండా అతిథులు ముట్టరు. లోహ్లన్ వాన గురించి మాట్లాడాడు, గుర్రాల గురించి మాట్లాడాడు. కొవ్వు గడ్డకట్టింది. అతిథుల వెంట వచ్చిన కవి ఒకడు వీణ తీగ సవరిస్తూ, ఖాళీ పొట్టతో తనకు ఎగతాళి పాటలు బాగా కుదురుతాయని ఎవరికో చెబుతున్నాడు. మాలో దొరలు ఈటె కంటే ఎగతాళి పాటకే ఎక్కువ జడుస్తారు.

లోహ్లన్ లేచి తీర్పరిని వెంటబెట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. ఇల్లంతా వెనకే వచ్చింది.

“తీర్పరిగారూ, మీరు సాక్షి. నేను బేరం పెడుతున్నా. ఈ మనిషి దీన్ని కాదంటే తప్పు తనదే,” అని అమ్మ వైపు తిరిగాడు. “మంచి చూడి పెయ్యల మంద ఒకటి, గాలిగుట్ట మీద మేత హక్కు. ఆ కుర్రాడికి ఇచ్చేస్తా. తీసుకుని లే.”

నిజంగా పెద్ద బేరం అది. మాలాంటి ఇంట్లో మూడు తరాలు పాలు తాగొచ్చు. అతిథులు తలలూపుతున్నారు.

అమ్మ కదురు ఆపింది. “ఎవరికి ఇస్తారు దొరా?”

“చెప్పాగా, ఆ కుర్రాడికి.”

“ఊళ్ళో కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు. ఏ కుర్రాడు?”

“ఫియక్రకి.”

“ఫియక్రలూ ఉన్నారు. మా మేనత్త మనవడొకడు ఫియక్రే. మందను ఎవరి కొడుకు ఫియక్రకి ఇస్తున్నారో తీర్పరిగారి ముందు చెప్పండి, ఇప్పుడే లేస్తా.”

డోనఖ్ కొడుక్కి అంటే అన్నీ ఒప్పుకున్నట్టే. తరిమెన కోనల్ కొడుక్కి అంటే అంత మంద ఎందుకిస్తున్నావని ప్రతివాడూ అడుగుతాడు. లోహ్లన్ తీర్పరి వైపు తిరిగాడు.

“తీసుకునేవాడి పేరు లేకుండా ఇస్తానంటే అది బేరం కాదు దొరా,” అన్నాడు తీర్పరి, నేల చూస్తూ. “ఆమె కూర్చోవచ్చు.”

లోహ్లన్ మెడ ఎర్రబడింది. “ఒక గిన్నెలవాడి పెళ్ళాం నా వాకిట్లో కూర్చుని నాకు వంశం నేర్పుతుందా?”

అప్పటిదాకా మర్యాదగా మాట్లాడిన అమ్మ అప్పుడు లేచి నిలబడింది. నిలబడ్డా అతని రొమ్ముదాకా రాలేదు. “నేర్పుతా! వాడికి నా పాలిచ్చాను. మీ అన్న తన కంబళి తీసి వాడికి చుట్టడం నా కళ్ళతో చూశాను. నువ్వు చూడలేదా లోహ్లన్? వాడికి గుర్రం ఎక్కడం రాకపోతే గాలిగుట్ట మీద నేర్పింది ఎవరు? నువ్వే కదా! ‘మా అన్న పోలికే, పడ్డా ఏడవడు’ అని మా ఇంట్లో కూర్చుని నా మజ్జిగ తాగుతూ అనలేదా? ఆ నోరే కదా ఇది?”

అతను తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ క్షణంలో అతనిలో దొర కనపడలేదు నాకు. చిన్నప్పుడు మా ఇంటికి వచ్చి నన్ను కూడా గుర్రం మీద తిప్పిన మనిషి కనపడ్డాడు.

అప్పుడే లోపలి గుమ్మంలో కదలిక. సైవ్ దొరసాని కర్ర పట్టుకుని నెమ్మదిగా వస్తోంది. ఎంత ముసలిదైపోయిందో! ఆమె బయటికి రావడం నేను చూడటం అదే మొదలు. నేరుగా వచ్చి అమ్మ పక్కన ఆగింది.

“నాకో పీట వెయ్యండి,” అంది.

“అమ్మా, లోపలికి పద. వాన పడుతోంది,” అన్నాడు లోహ్లన్.

“పడనీ. నేనూ పస్తు కూర్చుంటున్నా, నా కొడుకు వాకిట్లో. నా మనవడి పేరు నాకు ఇచ్చేదాకా.”

“ఈ వయసులో? చచ్చిపోతావే!”

“చస్తే కన్నతల్లిని పస్తు పెట్టి చంపిన లోహ్లన్ అని తోర్నా పాడతాడు. మంచి గొంతు కదా అతనిది.” అమ్మ వైపు తిరిగి, “ఏటా తేనె పంపాను. సరిపోయేదా?” అంది.

“సరిపోయేది దొరసానీ. సగం నా కూతురు తాగేసినా సరిపోయేది,” అంది అమ్మ. నాకు సిగ్గుతో ఎటు చూడాలో తెలియలేదు. అప్పట్లో అమ్మ అన్నీ చూస్తూనే ఉందన్నమాట.

“ఎవరి కొడుకో తెలీనివాడికి ఈ ఇంటి తేనె ఇన్నేళ్ళు ఎలా పోయిందిరా?” అని అడిగింది దొరసాని కొడుకుని. “నీ తండ్రి బతికుండగా పోయింది. నువ్వు చూస్తుండగా పోయింది. ఇందాక లెక్కపెట్టాను, తోర్నా కూడా రెండుసార్లు మోసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు. ఏం తోర్నా, ఎవరికి ఇచ్చావు?”

వంశభట్టు గుంపు వెనక నిలబడి ఉన్నాడు. అందరూ దారి వదిలారు. దాక్కోడానికి ఎవరి వీపూ లేకుండా పోయింది. అతను లోహ్లన్ వైపు చూశాడు. లోహ్లన్ తల్లిని, ఆ తర్వాత అమ్మను చూశాడు.

“చెప్పవయ్యా. ఉన్నది ఉన్నట్టు చెప్పు. నాకు ఆకలేస్తోంది,” అన్నాడు.

తోర్నా గొంతు మొదట పీలగా వచ్చింది, తర్వాత లేచింది. “ఫియక్ర, డోనఖ్ కొడుకు. డోనఖ్, తైగ్ కొడుకు. తైగ్, మురహ కొడుకు. మురహ, నల్లసరస్సు పోరులో పడ్డ ఐడ్ కొడుకు...” అలా అలా వంశానికి మొదటివాడైన తార్విన్ దాకా పోయాడు. నాన్న వెంట వచ్చి, గుంపులో ఎక్కడో నిలబడి ఫియక్ర వింటున్నాడు. వాడి పెదవులు పేరు పేరుకీ కదులుతున్నాయి. ఆ పేర్లన్నీ వాడికి అమ్మ ఆవుల దగ్గర కూర్చోబెట్టి నేర్పించినవే.

లోహ్లన్ అందరిముందూ హామీ ఇచ్చాడు. అమ్మకు ఒక గిన్నెడు మజ్జిగ తెచ్చారు. మెల్లగా, గుటక గుటకగా తాగింది. పంది ముక్క పెట్టబోతే, “ఇప్పుడొద్దు నాయనా, కడుపు తిరగబడుతుంది. కట్టివ్వండి, ఇంటికి తీసుకెళ్తా,” అంది. ఆ సంబంధం కూడా కుదిరింది. వాకిట జరిగింది చూసి అవతలి దొర, “తల్లి మాట వినే ఇల్లు, పిల్లనివ్వొచ్చు,” అన్నాడట.

నేల పంచడం కోతలయ్యాక జరిగింది. మాలో వాటాదారుల్లో చిన్నవాడు పంచాలి, పెద్దవాడు ముందు ఎంచుకోవాలి. ఎచ్చుతగ్గులుగా కోస్తే తనకే నష్టం కాబట్టి చిన్నవాడు సరిగ్గా కోస్తాడు. ఫియక్ర కొలత పట్టుకుని రోజుల తరబడి తిరిగి సరిహద్దులు పెట్టాడు. లోహ్లన్ సరస్సు పక్క ముక్క ఎంచుకున్నాడు. అది మెత్తటి పచ్చిక, చేపలూ దొరుకుతాయి. గాలిగుట్ట వైపు ముక్క ఫియక్రకు మిగిలింది. వాడు మొహం మాడ్చుకుని నిలబడ్డాడు. ఇంటికొచ్చి తలుపేసుకుని గెంతులేశాడు. వాడికి మొదటినుంచీ గుట్టే కావాలి. సరస్సు ముక్కను కాస్త అందంగా కోసి పెట్టాడంతే.

“దొంగవెధవా, ఎవరు నేర్పారురా నీకిది?” అన్నాడు నాన్న.

“చదరంగం నేర్పించింది అమ్మే కదా,” అన్నాడు వాడు.

ఆ తర్వాత అమ్మకు కొత్త తలనొప్పి పట్టుకుంది. ఎక్కడెక్కడి లోయల నుంచో జనం వచ్చేవాళ్ళు. మా మరిది గొడ్డును తోలుకుపోయాడు, మా దొర పొలం ఆక్రమించాడు, నువ్వొచ్చి ఆ వాకిట కూర్చోమ్మా అని. “నాకేం అద్దె కడుపనుకున్నారా? మీ కడుపు మీకు లేదూ? పోయి కూర్చోండి. వానకు కంబళి, చేతికి ఏదో పని పట్టుకెళ్ళండి. ఊరికే కూర్చుంటే ఆకలి ఎక్కువేస్తుంది,” అని పంపేసేది. కొంతమంది నిజంగానే వెళ్ళి కూర్చున్నారని, కొంతమందికి న్యాయం కూడా జరిగిందని తర్వాత విన్నాం.

అందరూ ఆశ్చర్యపోయిన సంగతి మరొకటుంది. రెండేళ్ళకు లోహ్లన్‌కు ముసలితనంలో ఆడపిల్ల పుడితే, పెంపకానికి అమ్మ దగ్గరికే పంపాడు. తానే గుర్రం మీద తెచ్చాడు.

“దేశంలో ఇంకెవరూ దొరకలేదా దొరా?” అంది అమ్మ.

“దొరికారు. నా వాకిట్లో నన్ను మాడ్చింది నువ్వొక్కదానివే. నా కూతురు ఎవరి వాకిట్లో అయినా అలా కూర్చోగలగాలి.”

“తేనె పంపుతారా?”

“పంపుతా, పంపుతా. నీతో నేను ఇంకోసారి పెట్టుకోను.”

ఆ పిల్ల పేరు బెవిన్. అమ్మ చేతిలో పెరిగి, అమ్మలాగే మాట్లాడేది. లోహ్లన్ దానితో వాదించి నెగ్గింది ఎప్పుడూ చూడలేదు.

పెంచినవాళ్ళను ముసలితనంలో పెంపుడుబిడ్డలు చూసుకోవాలన్నది కూడా మా కట్టుబాటే. నాన్న పోయాక ఫియక్ర అమ్మను తన ఇంటికి రమ్మన్నాడు. వెళ్ళింది, ఒక చలికాలం ఉంది, వాడి భార్య వెన్నలో ఉప్పు సరిగా వెయ్యదని తగువు పెట్టుకుని తిరిగొచ్చేసింది. వాడే రోజూ గుట్ట దిగి వచ్చి పొయ్యిలో కట్టెల్లా మండే ఎండు మట్టిపెళ్ళలు పేర్చి, ఆవును పితికి పోయేవాడు. అప్పటికి వాడు ముగ్గురు బిడ్డల తండ్రి, వంశంలో మాట చెల్లే మనిషి. పాలచెంబు పట్టుకుని దారిన పోతుంటే జనం నవ్వితే తానూ నవ్వేవాడు.

ఆమె పోయింది కోతల రోజుల్లో. కదురు చేతిలో ఉండగానే కునుకు పట్టినట్టు పోయింది. ఆ తర్వాత మూడు పక్షాల మధ్య తగువు. సరస్సు అవతలి పుట్టింటివాళ్ళు తమ పెద్దల పక్కన పెట్టాలని పడవలో వచ్చారు. ఫియక్ర తన తండ్రి పక్కన పెడతానని పట్టుబట్టాడు. లోహ్లన్ జుట్టంతా నెరిసి, బెవిన్ భుజం పట్టుకుని వచ్చి, తన తల్లి పక్కన చోటుందన్నాడు. ఏడవడానికి వచ్చిన ఆడవాళ్ళు ఏడుపు ఆపి తగువు చూస్తున్నారు.

నేను మధ్యలోకి వెళ్ళాను. “ఎవరూ కొట్టుకోవద్దు. ఏం చెయ్యాలో చెప్పిపోయింది. మా నాన్న పక్కనే. ఆయన ఒంటరిగా పడుకుంటే గురక ఎక్కువ పెడతాడట, మోచేత్తో పొడవడానికి మనిషి కావాలట,” అన్నాను.

లోహ్లన్ ముందు నవ్వాడు. తర్వాత పుట్టింటివాళ్ళు నవ్వారు, ఆ తర్వాత ఫియక్ర నవ్వుతూనే ఏడ్చాడు. పాడె లోహ్లన్, ఫియక్ర, పుట్టింటివాళ్ళలో ఒకరూ, మా ఆయనా మోశారు. ఆమె బరువేముంది, పొట్టి మనిషి. అయినా దారిలో రెండుసార్లు దించి ఊపిరి తీసుకున్నారు.